పొగ చీటీ చెప్పేది, చెప్పనిది

మా నాయన కారు నడుపుతాడు. కారు మాది కాదు, బెంగళూరులో ఒక ఇంటివాళ్లది. పెట్రోలు పట్టించేది, లెక్క రాసేది నాయనే. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే బండి ఈ ఏడాది 11కు పడిపోయింది. "పెట్రోలు ఎక్కడికి పోతోంది?" అని ఓనరు అడిగినాడు. అడిగింది బండి గురించి కాదు, నాయన గురించి. ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టిన మనిషి ఆ రాత్రి అన్నం సగంలో లేచేసినాడు.

ఓనరు చూపించిన సాక్ష్యం ఎమిషన్ టెస్టు చీటీ. "టెస్టు పాసైంది కదా, బండిలో లోపమేముంది?" అని ఆయన మాట. మా ఇంట్లో అమ్మ కన్నడంలో 'హొగె' అంటుంది, నాయన తెలుగులో 'పొగ' అంటాడు. పాలు హాలు, పులి హులి అయినట్టే ఇదీ. ఆ పొగ చీటీని తెప్పించుకొని పూర్తిగా చదివినాను.

పెట్రోలు కారుకు అందులో రెండు అంకెలు ముఖ్యం. కార్బన్ మోనాక్సైడ్ సగం కాలిన పెట్రోలు గుర్తు. హైడ్రోకార్బన్లు కాలకుండానే బయటపడిన పెట్రోలు గుర్తు. బీఎస్-4 కారు నిలబడి ఇంజిను మెల్లగా ఆడుతున్నప్పుడు మొదటిది 0.3 శాతం, రెండోది 200 పీపీఎం దాటకూడదు. గాలి ఆడని పొయ్యిలో కట్టె సరిగా మండక పొగ చిమ్ముతుంది కదా. ఇంజినులోనూ అంతే, గాలికి మించి పెట్రోలు అందితే మోనాక్సైడ్ పెరుగుతుంది.

మా నాయన నడిపే కారు చీటీలో 0.26 ఉంది. పాసే. కానీ డాష్‌బోర్డులో పోయినేటి చీటీ కూడా దొరికింది. అందులో 0.05. గీత దాటలేదు గానీ, గీత అంచుకు వచ్చేసింది.

పాస్ అంటే పొగ హద్దులో ఉందని మాత్రమే, పెట్రోలు పొదుపుగా తాగుతోందని కాదు. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దానికి ఈ పరీక్షలో హద్దే లేదు. టైర్లలో గాలి తగ్గినా, బ్రేకు పట్టేసినా, సిల్క్ బోర్డు దగ్గర గంట నిలబడినా మైలేజీ పడిపోతుంది. నిలబెట్టి చూసే పరీక్షకు అవేవీ కనిపించవు. మైలేజీ తెలియాలంటే ట్యాంకు నిండా పట్టించి, మళ్లీ నింపేదాకా తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాల్సిందే.

రెండు చీటీల అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసిచ్చినాను. నాయన దాన్ని ఓనరుకు చూపించి, బండిని మెకానిక్ దగ్గరికి తీసుకుపోయినాడు. ఆక్సిజన్ సెన్సారు పాడైందని తేలింది. మార్చినాక లీటరుకు మళ్లీ 13 దాటింది. ఓనరు "సరే" అన్నాడు. అంతకుమించి ఒక్క మాటా అనలేదు. నాయనా అడగలేదు.

మీ ఇంట్లో కారో, స్కూటరో ఉంటే పాత పొగ చీటీలు పారేయకండి. ఒక్క చీటీ పాసో ఫెయిలో చెబుతుంది. రెండు పక్కపక్కన పెడితే బండికి ఏమవుతోందో చెబుతాయి. మా ఇంట్లో అయితే, ఒక మనిషి నిజాయితీని కూడా చెప్పినాయి.