శాలువాలూ – పాటలూ

నేను నాటకాలకీ, లఘుచిత్రాలకీ బాణీలు కడతాను. ముచ్చటపడి వెబ్‌సైటు పెట్టించాను. తెరవగానే నా ఫొటో, గురుపరంపర, కప్పించుకున్న శాలువాలు!

ఒక దర్శకుడు అది చూసి, "శాలువాలు బాగున్నాయండీ, పాటే కనబడలేదు" అని, పని ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ నెల ఇంటద్దెకి ఆ పనే ఆధారం.

"పెళ్లిచూపులకొచ్చినవాళ్లకి పిల్లని చూపించకుండా వంశవృక్షం చదువుతారా ఎవరైనా?" అంది మా ఆవిడ.

ఆ రాత్రే మొదటి పేజీలో మూడు బాణీలు పెట్టాను. ఒక్కొక్కటీ నిమిషం, దేనికి కట్టానో ఒక్క ముక్క, కిందనే ఫోను నంబరు. పేజీ తెరవగానే పాట దానంతటదే మోగాలని నా ఆశ. 2018 నుంచీ క్రోమ్ అలాంటివాటిని చాలావరకు ఆపేస్తోందిట. మంచిదే! వినాలని మనసైనవాడే మీట నొక్కుతాడు.

శాలువాలు ఆఖరి పేజీకి వెళ్లాయి. మొన్న ఫోను మోగింది: "ఆ రెండో బాణీ మీదేనాండీ?"