బ్లాక్ రాక్ ఎడారిలో మా వంటపందిరి

రీనో నుంచి తూర్పుగా కొంత దూరం వెళ్లి, వాడ్స్‌వర్త్ దగ్గర 447 నంబరు రోడ్డెక్కితే ఇక ప్రయాణమంతా ఉత్తరానికే. పిరమిడ్ సరస్సు చుట్టూ పాయూట్ తెగవాళ్ల రిజర్వేషన్ భూమి. అది దాటాక గెర్లాక్ అనే చిన్న ఊరు వచ్చేదాకా రోడ్డుకు రెండు పక్కలా బోడి కొండలు తప్ప దాదాపు ఏమీ ఉండదు. ఆగస్టు చివరి వారంలో మాత్రం ఈ రెండు వరసల రోడ్డు మీద సైకిళ్లు కట్టుకున్న కార్లు, కర్రలూ పైపులూ మోస్తున్న ట్రక్కులు బారులు తీరతాయి. వీళ్లంతా వెళ్లేది నెవడా రాష్ట్రంలోని బ్లాక్ రాక్ ఎడారికి, బర్నింగ్ మ్యాన్ అనే కళాజాతరకు. 2023లో ఆ బారులో మా బండి కూడా ఉంది.

వేల ఏళ్ల కిందట ఇక్కడ లహోంటన్ అనే మహా సరస్సు ఉండేది. అది ఎండిపోగా మిగిలిన అడుగుభాగమే ఈ ఎడారి. గడ్డిపోచ మొలవదు. సముద్ర మట్టానికి దాదాపు 3,900 అడుగుల ఎత్తు. ఇసుక ఉండదు, సున్నంలాంటి మెత్తటి తెల్ల దుమ్ము ఉంటుంది. ఆ దుమ్ములో క్షారం ఎక్కువ. జాగ్రత్తపడకపోతే పాదాలు పగిలి నెత్తురొస్తుంది. అందుకే అక్కడ రాత్రి పడుకోబోయే ముందు వెనిగర్ కలిపిన నీళ్లతో కాళ్లు కడుక్కుంటారు. గాలి లేస్తే చాచిన చెయ్యి కూడా కనబడదు.

1986లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేకర్ బీచ్‌లో లారీ హార్వీ, జెర్రీ జేమ్స్ అనే ఇద్దరు మిత్రులు ఎనిమిది అడుగుల చెక్కబొమ్మ చేసి, కొద్దిమంది చూస్తుండగా తగలబెట్టారు. ఏటేటా జనం పెరిగారు, బొమ్మ ఎత్తూ పెరిగింది. 1990లో బీచ్‌లో కాల్చడానికి పోలీసులు ఒప్పుకోకపోవడంతో దాన్ని ఈ ఎడారికి తెచ్చారు. ఇప్పుడు డెబ్బై వేల మంది దాకా వస్తారు. వారం పైచిలుకు బతికే ఈ ఊరి పేరు బ్లాక్ రాక్ సిటీ. గడియారం ముఖంలా గీసిన ఊరది. నడిమధ్య చెక్కబొమ్మ, రెండు గంటల గీత నుంచి పది గంటల గీత దాకా అర్ధచంద్రంగా వీధులు. పన్నెండు వైపు ఖాళీ మైదానం, అందులో ఆ ఏడు కట్టిన కళాఖండాలు, దేవాలయం. ఆ అర్ధచంద్ర వీధులకు అక్షరాల వరస. మా క్యాంపు చిరునామా ఏడున్నర, ఎఫ్ వీధి మలుపు. ద్వారం దగ్గర స్వచ్ఛంద సేవకులు ప్రతి ఒక్కరినీ ‘ఇంటికొచ్చారు’ అంటూ కావలించుకుంటారు. కొత్తవాళ్లను దుమ్ములో పొర్లమంటారు, గంట కొట్టమంటారు.

ఊళ్లో ఐసు తప్ప ఏదీ అమ్మరు. 2004లో హార్వీ రాసిపెట్టిన పది సూత్రాల్లో ఇవ్వడం ఒకటి, కొనుగోలు అమ్మకాలు వద్దనడం ఇంకొకటి, ఎవరి బాగోగులు వాళ్లే చూసుకోవడం మరొకటి. అయితే ఆ సూత్రాలు చదివినంత మాత్రాన ఊరు అర్థం కాదు. నాకు అర్థమైంది వంటపందిరి కింద.

మా క్యాంపు నలభై మందిది. పొద్దున్నే దారినపోయేవాళ్లకు టీ పోయడం క్యాంపు తరఫున మా సేవ. అందులో చేరాలంటే వంటకు కొంత సొమ్ము కట్టాలి, వంటకీ అంట్లకీ వంతులు రాసుకోవాలి, అన్నిటికంటే ముందు పందిరి వేయాలి. ఇనుప గొట్టాల చట్రం, దాని మీద ఎండను ఆపే పరదా. గాలికి ఎగరకుండా అడుగు పైన పొడవున్న మరమేకుల్ని కరెంటు రెంచితో నేలలోకి దించాలి. ఆ నేల పైకి మెత్తగా కనిపించినా లోపల బండే. రీనో నుంచి వచ్చిన అరవై ఏళ్ల వడ్రంగి ఒకావిడ మాకు మేస్త్రీ. మాటలు తక్కువ. నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెంచి నా చేతికిచ్చి, తన చెయ్యి నా చెయ్యి మీద వేసి మొదటి మేకు దింపించింది. రెండోదానికి లేచి వెళ్లిపోయింది. చీకటి పడేసరికి పందిరి నిలబడింది. ఏళ్ల తరబడి కాలిఫోర్నియాలో కీబోర్డు మీద పనిచేసిన నాకు, నా చేతులతో వేసిన నీడలో నలభై మంది కూర్చోవడం కొత్త అనుభవం.

పరిచయాలు కూడా పనిలోనే అయ్యాయి. అక్కడ నీళ్లు చాలా విలువైనవి. మనిషికి రోజుకు ఒకటిన్నర గాలన్ల లెక్కన ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. కడిగిన నీళ్లు నేల మీద పారబోయకూడదు, పీపాల్లో పట్టి వెనక్కి తీసుకెళ్లాలి. అందుకని ఒకరు పళ్లెం గీకుతారు, ఒకరు చేతిపంపు స్ప్రేతో తడుపుతారు, ఒకరు తుడుస్తారు. ఆ మూడు చేతుల మధ్య పళ్లెం తిరుగుతుండగా శాక్రమెంటో నర్సు తన విడాకుల గురించి చెప్పింది. నేను మా నాన్న మతిమరుపు జబ్బు గురించి చెప్పాను. ఆఫీసులో పదేళ్లు పక్కపక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పని సంగతి అది.

ఒకరోజు మైదానంలో నా సైకిలు గొలుసు తెగింది. దారిన పోతున్న ఒకాయన ఆగి, సంచిలోంచి పనిముట్లు తీసి, ఎండలో కూర్చుని గొలుసు బాగుచేశాడు. నా దగ్గర ఆత్రేయపురం మామిడి తాండ్ర ఉంటే ఒక ముక్క చేతిలో పెట్టబోయాను. “ఇప్పుడొద్దు. దారిలో ఇంకెవరికైనా ఇవ్వండి” అన్నాడు. పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. చాలాసేపు నాకు మనసు కుదుటపడలేదు.

మా అమ్మ పక్కింటివాళ్ల గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి పంపేది కాదు. ఏమీ లేకపోతే చారెడు పంచదారైనా పోసి పంపేది. అందులో మర్యాద ఉంది, ప్రేమ ఉంది. ఆ గిన్నె అలా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది కనుక రెండిళ్ల మధ్య లెక్క ఎప్పటికీ తెగేది కాదు. అమెరికా వచ్చాక నేను ఆ అలవాటులో లెక్క ఒక్కటే మిగుల్చుకున్నాను. ఎవరైనా కారెక్కించుకుంటే అదే రాత్రి ఫోన్లో పెట్రోలు డబ్బులు పంపేస్తాను. భోజనానికి పిలిస్తే తిరుగు భోజనం పెట్టి చేతులు దులుపుకుంటాను. ఎవరికీ బాకీ లేకుండా బతికాను. అందుకే ఎవరికీ ఏమీ కాకుండా కూడా బతికాను. ఆ సాయంత్రం తాండ్ర ముక్కను ఎండకు సొమ్మసిల్లి కూర్చున్న ఒక అమ్మాయికి ఇచ్చి, ఆమె క్యాంపు దాకా తోడు వెళ్లాను.

సెప్టెంబరు 1, శుక్రవారం వాన మొదలైంది. కురిసింది అంగుళం లోపే. కానీ ఆ దుమ్ము తడిస్తే జిగటమన్ను అవుతుంది. నాలుగడుగులు వేస్తే బూటుకు తట్టెడు బురద అంటుకుంటుంది, చక్రం నాలుగు చుట్లు తిరిగితే ఇక కదలదు. బండ్లు తిరగొద్దన్నారు, ద్వారాలు మూసేశారు. నీళ్లు, తిండి, ఇంధనం పొదుపుగా వాడుకోమని ఊరి రేడియో 94.5 ఎఫ్‌ఎమ్‌లో పదేపదే చెప్పారు. మరుగుదొడ్లు శుభ్రం చేసే లారీలూ రాలేవు. బయట టీవీల్లో మాత్రం మేమంతా కొట్టుకు చస్తున్నట్టు చెప్పారట. మా పందిరి కింద జరిగింది వేరు. క్యాంపులో ఒకరికి ఇన్సులిన్ చల్లగా ఉండాలి. ఎవరూ అడగకుండానే, ఎవరి డబ్బాలో మిగిలిన ఐసు వాళ్లు తెచ్చి ఒక్క డబ్బాలో పోశారు. పక్క క్యాంపు గుడారాల్లోకి నీళ్లొస్తే వాళ్ల పరుపులు మా వంటబల్లల మధ్యకు చేరాయి. గ్యాసు పొదుపు చేయాలి, కడిగే నీళ్లు పొదుపు చేయాలి. అప్పుడు నేను ఇంట్లో ఉడికించి తెచ్చుకున్న చింతపండు గుజ్జు బయటికి తీశాను. ఒక్కసారి స్టవ్ వెలిగించి అన్నం వండితే చాలు, పులిహోర మర్నాటికీ పాడవదు. అంత ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి అన్నం ఉడకడానికి ఎక్కువసేపు పట్టింది. వేరుశనగలూ ఎండుమిరపకాయలూ తాలింపులో వేగుతుంటే వీధిలో బురదలో కాళ్లీడ్చుకుంటూ పోయేవాళ్లు ఆగారు. కాళ్లకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని వచ్చినవాళ్లందరికీ ఆకులాంటి కాగితప్పళ్లేల్లో పెట్టాం. ఎంతమందో లెక్కపెట్టలేదు.

మా క్యాంపులో ఇంకో తెలుగు కుర్రాడున్నాడు. కరీంనగర్ వాడు, డాలస్‌లో ఉద్యోగం. ఆదివారం పొద్దున టీ కాస్తుంటే వచ్చి, “అన్నా, అమ్మ ఫొటో తెచ్చిన. గుడికి ఒక్కణ్ణి పోబుద్ధి అయితలేదు. తోడు వస్తవా?” అన్నాడు. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో వాళ్లమ్మ పోయింది. వీసా స్టాంపింగ్ ఆఫీసులు మూతబడి ఉండటంతో వెళితే తిరిగి రాలేని పరిస్థితి. అంత్యక్రియలు ఫోన్లో చూశాడు.

మైదానంలో కట్టే ఆ గుడిలో దేవుడుండడు. 2000లో డేవిడ్ బెస్ట్ అనే శిల్పి కట్టిన చెక్కగుడితో ఈ ఆనవాయితీ మొదలైంది. బెస్ట్ బృందంలో ఒక యువకుడు అంతకుముందే ప్రమాదంలో పోతే, చూడవచ్చినవాళ్లు తమతమ పోయినవాళ్ల పేర్లు ఆ చెక్కల మీద రాశారు. అప్పటినుంచి ఏటా కొత్త గుడి కడతారు, చివర్లో కాలుస్తారు. గోడల నిండా పేర్లు, ఉత్తరాలు, పసిపిల్లల చొక్కాలు, కుక్కల మెడపట్టీలు. వాడు జేబులోంచి ఫొటో, చిన్న కుంకుమ పొట్లం తీశాడు. ఫొటోను చెక్కకు ఆనించి, వేలితో బొట్టు పెట్టి, పెన్నుతో అమ్మ పేరు, ఊరు, ఇంటి నంబరు రాశాడు. ఇంటి నంబరు ఎందుకని నేను అడగలేదు. పక్కనున్న ముసలాయన ఎవరో జరిగి చోటిచ్చి, వాడి వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. వాడు చాలాసేపు ఏడ్చాడు. మగవాళ్లు అలా నలుగురిలో ఏడవడం మా ఇళ్లలో నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఆగలేదు.

వానతో అన్నీ వెనక్కి జరిగాయి. బొమ్మను సోమవారం రాత్రి బాణసంచాతో, కేకలతో కాల్చారు. గుడిని మంగళవారం రాత్రి కాల్చారు. అప్పటికి జనం చాలావరకు వెళ్లిపోయారు. గుడి కాలేదాకా ఉండటానికి కుర్రాడు ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పొడిగించుకున్నాడు. గుడి కాలుతున్నప్పుడు అంతమందిలో ఎవరూ మాట్లాడరు. అది అక్కడి ఆనవాయితీ.

ఈ ఊరి మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు. ఆ ఏడు మామూలు టికెట్టే 575 డాలర్లు. బండికి, నీళ్లకి, సామానుకి ఇంకా ఖర్చవుతుంది. సమానత్వం గురించి మాట్లాడే చోటికి రాగలిగినవాళ్లు చాలావరకు ఉన్నవాళ్లే. డబ్బు పోసి వంటవాళ్లనీ ఏసీ గదులనీ పెట్టుకుని, పని ముట్టుకోకుండా వెళ్లిపోయే క్యాంపులున్నాయి. 2019లో నిర్వాహకులు అలాంటి ఒక ఖరీదైన క్యాంపును మళ్లీ రానివ్వలేదు. అది సరైన పని. ఎందుకంటే ఆ ఊళ్లో మనిషిని మార్చేది మంటలూ సంగీతమూ కాదు, పక్కవాడితో కలిసి చేసే పని. దాన్ని డబ్బిచ్చి వేరేవాళ్లతో చేయించుకుంటే ఇక మిగిలేది వినోదమే.

ఆఖరున మా నలభై మందిలో మిగిలిన పన్నెండు మందిమి చేతులు చాచినంత ఎడంలో వరసగా నిలబడి, మా స్థలమంతా వంగి ఏరాం. తెగిన ప్లాస్టిక్ కట్టులు, పూసలు, వెంట్రుకలు, బురదలో కూరుకుపోయిన ఒక సాక్స్. వడ్రంగావిడ అయస్కాంతం కట్టిన కర్రతో మేకులు వెతికింది. జనమంతా వెళ్లాక ప్రభుత్వ భూమి శాఖవాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు. ఎకరానికి చదరపు అడుగుకు మించి చెత్త కనిపించకూడదు. అంత బురదలోనూ ఆ ఏడాది ఊరు తనిఖీలో నెగ్గింది.

ఆ చలికాలంలో నాకు మోకాలి ఆపరేషన్ అయింది. ఎదురింటి దంపతులు రోజూ ఆసుపత్రికి తీసుకెళ్తామన్నారు. అంతకుముందైతే వద్దని క్యాబ్ పిలిచేవాణ్ణి. ఈసారి సరేనన్నాను. తర్వాత వాళ్లకు గిఫ్ట్ కార్డు పంపలేదు. వాళ్ల పేర్లు, పిల్లల పేర్లు, వాళ్లమ్మ ఏ ఊళ్లో ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. కరీంనగర్ కుర్రాడు నెలకోసారి ఫోన్ చేస్తాడు.

మనవాళ్లలో ఎవరైనా వెళ్లాలనుకుంటే నా మాట ఒకటే. చూడ్డానికి వెళ్లకండి. ఏదో ఒక క్యాంపులో ముందే చేరి, వంటకో పందిరికో పేరివ్వండి. బొమ్మ కాలగానే బయల్దేరకుండా, చెత్త ఏరేదాకా ఉండండి. అక్కడ చేతులు ఎప్పుడూ తక్కువే.