పదమూడు నిమిషాలకు ముందు

ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగి ఆస్పత్రి బోర్డులు లెక్కపెట్టబోయి మధ్యలోనే మానేశాను. విజయవాడ హైవే మీద సూర్యాపేట వైపు నుంచి వచ్చే అంబులెన్సులకు సిటీలో ముందుగా తగిలేవాటిలో ఈ ఆస్పత్రులూ ఉన్నాయి.

నేను వెళ్లిన చోట ఐసీయూ తలుపు బయట చెప్పుల గుట్ట, టిఫిన్ క్యారియర్లు, కవర్లలో స్కానింగ్ ఫిల్ములు. తలుపు కదిలిందంటే చాలు, అందరూ లేచి నిలబడతారు. పిలిచింది మందుల చీటీ ఇవ్వడానికైతే ముఖాలు తేటపడతాయి. మందు రాశారంటే మనిషి ఉన్నట్టేగా!

2025 జనవరి 17 రాత్రి ఇక్కడి కామినేని ఆస్పత్రి నుంచి దానంగా ఇచ్చిన ఒక గుండె మెట్రో ఎక్కి లక్డీకాపూల్ చేరింది. 13 స్టేషన్లు, 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. పేపర్లన్నీ ఆ నిమిషాలే రాశాయి. అంతకుముందు ఇలాంటి తలుపు బయట ఇంటివాళ్లతో ఎవరు, ఎంతసేపు, ఏం మాట్లాడి ఉంటారో తెలుసుకుందామనే ఇక్కడి అవయవదాన కౌన్సెలర్ దగ్గరికొచ్చాను.

"ముందు నేనేం చెప్పను. మీకేం చెప్పారు, ఏం అర్థమైంది అని వాళ్లనే అడుగుతా," అందామె. "బ్రెయిన్ డెడ్ అంటే మెదడొక్కటే పోయింది, మనిషున్నాడు అనుకుంటారు. అందుకే 'చనిపోయారు' అనే మాట నోరు తెరిచి అంటా. 'గుండె కొట్టుకుంటాంది గద మేడం' అంటరు. మిషన్ ఊపిరి పోసినన్నాళ్లు కొట్టుకుంటది, అదీ కొన్నాళ్లే."

1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం, బ్రెయిన్ డెడ్ అని తేల్చడానికి నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. అందులో ఒకటి, వెంటిలేటర్ తప్పించి, ఆక్సిజన్ మాత్రం అందిస్తూ ఛాతీ తనంతట తాను లేస్తుందేమో చూడటం. ఇంటివాళ్లలో గుండెదిటవు ఉన్న ఒకరిని అప్పుడు పక్కన నిలబెడితే మంచిదని ఆమె అనుభవం. చావు కబురు చెప్పిన నోటితోనే అవయవాల ఊసెత్తదు. మధ్యలో వాళ్లు ఏడవాలి, ఊరికి ఫోన్లు చేసుకోవాలి, మేనమామ రావాలి. ఆ తర్వాతే రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్ మాట.

మెదడు పూర్తిగా చావలేదు, కోలుకునే దారీ లేదు అన్న మనిషి సంగతే అసలు చిక్కు. గౌరవంగా చనిపోవడమూ జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్లుకు మెజిస్ట్రేటు అక్కర్లేదు, నోటరీ చాలని 2023 జనవరిలో సడలించింది. ఆ కాగితం పట్టుకుని కూర్చున్నవాళ్లు నాకిక్కడ ఒక్కరూ కనపడలేదు. కనపడింది వేరే కాగితం: 'మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాం.' దాని మీద సంతకం పెట్టి, కొనఊపిరితో ఉన్నవాణ్ని ఊరి దారి పట్టిస్తారు. ప్రాణం సొంత వాకిట్లో పోవాలన్న కోరికను నేను తప్పుపట్టను. ఆయాసానికి, నొప్పికి మందు రాయకుండా సాగనంపడాన్ని మాత్రం ఎక్కడ జరిగినా తప్పే అంటాను.

సాయంత్రం ఒక పెద్దాయన మంచం దగ్గరికి ఆయన భార్యను పంపారు. కొత్తగా ఏ మిషనూ పెట్టొద్దని కొడుకులు పొద్దునే డాక్టరుతో కూర్చుని అనుకున్నారట. ఆమె చేతిలో దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి విభూతి పొట్లం. చేతులకు ఇచ్చిన గ్లౌజులతో పొట్లం విప్పలేక తడుముకుంటోంది.

"తీసెయ్ అమ్మా, వట్టి చేత్తోనే పెట్టు," అంది నర్సమ్మ.

నుదుటన పెట్టింది. "ఇనపడ్తదా బిడ్డా?" అని నర్సునే అడిగింది.

"ఇనపడ్తదనే అనుకో. మాట్లాడు."

కాసేపు ఏం చెప్పాలో తోచనట్టు నిలబడింది. తర్వాత చెవి దగ్గరికి వంగి, బర్రె ఈనిందని, పెయ్యదూడ పుట్టిందని చెప్పింది.