ఎడారి సరస్సునొద్ద ఒక రాత్రి

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరృతి భాగమున మొహావీ అను ఎడారి కలదు. అందలి లాస్ వేగాస్ నగర ప్రాంతమున సంవత్సరమంతయు కలిపి సుమారు 4 అంగుళముల వాన మాత్రమే కురియును. వేసవి వచ్చినచో ఎండ నిప్పులు చెరుగును. 2024 జూలై 7వ తేదీన ఆ నగరమున 120 డిగ్రీల ఫారన్‌హీటు వేడిమి నమోదైనది. అట్టి నేల నడుమ నీలముగా మెరయు మహాసరస్సు ఒకటి ఉన్నదన్నచో చూడనివారు నమ్మజాలరు. అదియే మీడ్ సరస్సు. 1930వ దశకమున కొలరాడో నదికి అడ్డముగా 726 అడుగుల ఎత్తున హూవర్ ఆనకట్టను నిర్మింపగా, దాని వెనుక నిలిచిన నీరే ఈ సరస్సు. దీని పరిసరములను 1964లో చట్టము ద్వారా జాతీయ విహారస్థలముగా నిర్ణయించిరి. ఆ దేశమున ఇట్టి హోదా పొందిన స్థలములలో ఇది మొదటిది. ఈత కొట్టుటకును, పడవలు నడుపుటకును, గుడారములు వేసికొని ఒకటి రెండు రాత్రులు గడపుటకును ఏటేట లక్షలాది జనులు ఇచ్చటికి వచ్చుచుందురు.

ఒక మార్చి నెల చివర, లాస్ వేగాస్‌లో కాపురమున్న తెలుగు కుటుంబమొకటి ఆ సరస్సునకు బయలుదేరెను. తల్లి, తండ్రి, పండ్రెండేండ్ల కుమారుడు, వారిని చూచుటకై కృష్ణాతీరమునుండి వచ్చిన తాతగారు, మొత్తము నలుగురు. తాతగారు జీవితమంతయు వ్యవసాయము చేసినవారు. కాలువ నీటి విలువ బాగుగా ఎరిగినవారు.

తండ్రి బండిలో మొదట నీళ్ల డబ్బాలను సర్దెను. మనిషికి దినమునకు సుమారు 4 లీటర్ల చొప్పున లెక్కించి, ఇంకను కొంత ఎక్కువగానే పెట్టెను. తాతగారు చూచి నవ్విరి.

"చెరువునకు పోవుచు నీళ్లు మోసికొని పోవుట ఎక్కడైన ఉన్నదా?"

"ఆ నీటిని శుద్ధి చేయనిదే త్రాగరాదు, నాన్నగారూ. ఇచ్చటి పొడిగాలికి చెమట పట్టినట్లే తెలియదు. ఒడలిలోని నీరు ఇంకిపోవుచున్నను మనకు తోచదు. దప్పిక వేయకముందే త్రాగుచుండవలెను" అని కుమారుడు వినయముగా బదులు చెప్పెను.

సరస్సు చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. ఒడ్డుకు కొంత దూరమున రెండు గుట్టల నడుమ మెత్తని ఇసుక పరచినట్లు చదునైన చోటు ఒకటి కనబడెను. బాలుడు ఆనందముతో అక్కడికి పరుగెత్తి, "తాతయ్యా, గుడారము ఇక్కడనే వేయుదము. గాలి కూడ తగులదు" అని కేక వేసెను. తాతగారు ఆ ఇసుకను, రెండు వైపులనున్న గట్లను తేరిపార చూచిరి.

"వద్దు, నాయనా. ఇది వాగు. ఇప్పుడు ఎండి ఉన్నది గాని, ఈ ఇసుకను ఇచ్చటికి తెచ్చినది నీరే. ఎండిన వాగును నమ్మి పడుకొనరాదు."

ఆయన మాట అక్షరసత్యము. ఎడారి నేల వాన నీటిని వెంటనే పీల్చుకొనలేదు. ఎక్కడో దూరమున కొండలపై వాన కురిసినచో, ఇచ్చట ఆకాశము నిర్మలముగా ఉండగనే వరద వచ్చి పైబడును. నిద్రించువారికి లేచి పరుగెత్తు వ్యవధి కూడ ఉండదు. అందుచేత వారు పూర్వము పలువురు విడిది చేసిన గట్టి గులకనేలను ఎన్నుకొని, సాయంకాలపు గాలికి ఎగిరిపోకుండ గుడారమును బలముగా బిగించిరి.

క్రొత్త చోటును చదును చేసికొనవలెనన్న కోరిక బాలునకు కలిగెను. తండ్రి వారించెను. ఎడారి మట్టిపై పలుచోట్ల నల్లని పెచ్చువంటి పొర ఉండును. అది వట్టి మట్టి కాదు. కంటికి కనబడని సూక్ష్మజీవులును, నాచును అల్లుకొని ఏర్పడిన సజీవమైన పొర. అది మట్టిని గాలికి ఎగురనీయక పట్టియుంచును, నేలకు సారమిచ్చును. ఒక్క అడుగు త్రొక్కినను అది విరుగును. మరల ఏర్పడుటకు ఏండ్లూ పూండ్లూ పట్టును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 మొదలు 1944 వరకు, ఈ ఎడారులలో సైనికులకు శిక్షణ నిచ్చిరి. నాటి యుద్ధశకటముల చక్రపు జాడలు ఎనుబదియేండ్లు గడచినను కొన్నిచోట్ల నేటికిని కనబడుచున్నవి. వానలు లేని నేల దేనిని త్వరగా మరువదు.

చీకటి పడిన పిమ్మట తల్లి చిన్న గ్యాసు పొయ్యిపై వంట చేసెను. బాలుడు ఎండుపుల్లలు ఏరి తెచ్చెదనన్నాడు గాని, ఆమె ఒప్పుకొనలేదు. ఎడారిలో చెట్టు పెరుగుటయే అరుదు. ఎండిన కొమ్మ కూడ ఏదో ఒక ప్రాణికి నీడగనో, మట్టికి ఎరువుగనో ఉపయోగపడును. భోజనానంతరము బాలుడు నారింజపండు తిని, తొక్కను పొదలోనికి విసరెను.

"అది కుళ్లి మట్టిలో కలియును గదా!" అని తండ్రితో వాదించెను.

"మన ఊరిలోనైన కలియును. ఇచ్చట తేమ లేదు. అది ఎండి చాలకాలము అట్లే పడియుండును. అంతకంటె కీడు మరొకటి ఉన్నది. మనము విడిచిన ఎంగిలికి పెద్ద నల్లని కాకులు చేరును. తిండి దొరకుకొలది వాటి సంఖ్య పెరుగును. అవియే ఎడారి తాబేటి పిల్లలను పొడిచి తినును. పుట్టిన కొన్ని ఏండ్లవరకు ఆ పిల్లల డిప్ప మెత్తగా ఉండును."

బాలుడు దీపము పట్టుకొని పోయి, తొక్కను వెదకి తెచ్చి సంచిలో వేసెను. ఒక తొక్కకును ఒక తాబేటి ప్రాణమునకును ఇంతటి సంబంధముండునని అతడు ఎన్నడును ఊహింపలేదు.

గిన్నెలు కడుగుటకై అతడు సరస్సువైపు నడువబోగా తాతగారు ఆపిరి.

"మీ ఇంటి కుళాయిలో వచ్చు నీరు ఎక్కడిది, నాయనా?"

బాలుడు ఒక క్షణమాలోచించి, "ఈ సరస్సుదే, తాతయ్యా" అనెను.

లాస్ వేగాస్ ప్రాంతము వాడుకొను నీటిలో నూటికి సుమారు 90 వంతులు ఈ కొలరాడో నీరే. నెవాడా, ఆరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రములలోను, మెక్సికో దేశములోను కోట్లాది ప్రజలు దీనిపై ఆధారపడియున్నారు. ఆ నీరు తరుగని నిధి కాదు. 2000వ సంవత్సరము నుండి నదిలో ప్రవాహము క్షీణించుటచేతను, వాడుక రాబడిని మించుటచేతను సరస్సు మట్టము దిగజారినది. 2022 జూలైలో అది సముద్రమట్టమునకు సుమారు 1,040 అడుగుల ఎత్తునకు చేరెను. 1930వ దశకమున సరస్సు నిండిన తరువాత అంత తక్కువ మట్టము అదియే. ఒకప్పుడు నీరున్న బండలపై ఖనిజలవణములు అంటుకొని ఏర్పడిన తెల్లని చార సరస్సు చుట్టును కనబడుచుండును. త్రాగు నీటి బిందెలో ఎవరును గిన్నెలు కడుగరు. వారు నీటిని పాత్రలో ముంచి తెచ్చి, ఒడ్డుకు 200 అడుగుల దూరమున కడిగి, మెతుకులను సంచిలోనికి ఎత్తిరి. కాలకృత్యములకు సైతము మూతగల చిన్న మరుగుదొడ్డిని వెంట తెచ్చుకొనిరి. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

మరునాటి ఉదయమున బాలుడు ఒంటరిగా గుట్ట ప్రక్కకు పోయి, పొదక్రింద ఒక తాబేలును చూచెను. ఎడారి తాబేలు శీతకాలమంతయు బొరియలో నిద్రించి వసంతమున వెలుపలికి వచ్చును. అది మెల్లగా లేతగడ్డి మేయుచుండెను. దానిని ఎత్తుకొని తాతకు చూపవలెనని అతని చేతులు తహతహలాడెను. వంగినవాడు వంగినట్లే ఆగిపోయెను. తల్లి పూర్వము చెప్పిన మాట జ్ఞప్తికి వచ్చెను. ఆ తాబేలు వాననీటిని త్రాగి మూత్రాశయమున నిలువచేసికొని, నెలల తరబడి దానితో బ్రతుకును. ఎవరైన పట్టుకొన్నచో భయముచే ఆ నీటిని విడిచివేయును. మరల వాన ఎప్పుడు కురియునో ఎవరికెరుక? ముద్దుచేసి పట్టుకొన్న చేయియే దాని మరణమునకు కారణము కావచ్చును. 1990లో ఆ దేశ ప్రభుత్వము ఈ తాబేలును ముప్పునకు లోనైన ప్రాణుల పట్టికలో చేర్చినది.

బాలుడు చేతులు వెనుకకు కట్టుకొని, మెల్లగా వెనుకకు నడచి వచ్చి తాతగారిని పిలిచెను. ఇరువురును దూరమున కూర్చుండి అది పొదలోనికి పోవువరకు చూచిరి. తాతగారు మనుమని తల నిమిరి, "పట్టుకొనకుండనే చూపితివి. మంచిపని చేసితివి" అనిరి.

ఆ దేశమున బహిరంగ ప్రదేశములకు పోవువారికి "జాడ విడువకుము" అను అర్థము వచ్చు ఏడు నియమములు బోధింతురు. ముందుగా సన్నాహము చేసికొనుట, గట్టినేలపై నడచి విడియుట, వ్యర్థములను తగువిధమున తొలగించుట, ఉన్నదానిని ఉన్నచోటనే విడుచుట, మంటలను మితముగా వాడుట, వన్యప్రాణులను గౌరవించుట, తోటి యాత్రికులకు ఇబ్బంది కలిగింపకుండుట. చదువుటకు ఇవి తేలిక. చేతికి అందిన తాబేలు ఎదుట నిలిచినప్పుడు గాని వాటి బరువు తెలియదు.

మధ్యాహ్నమునకు పూర్వమే గుడారము విప్పి, చెత్తసంచిని బండిలో పెట్టిరి. నీడకొరకు చేరిన తాబేలు ఏదైన ఉన్నదేమోయని తండ్రి బండిక్రింద వంగి చూచెను. బాలుడు బండి ఎక్కబోవుచు నిలిచి, జేబులోనుండి ఎఱ్ఱని గులకరాయి నొకదానిని తీసి, దొరకిన చోటనే తిరిగి పెట్టి వచ్చెను. ఎవరును అడుగలేదు, ఎవరును చెప్పలేదు.

పరుల ఇంట ఒక రాత్రి తల దాచుకొన్నవాడు తెల్లవారి పోవునప్పుడు పడుకొన్న చాపను చుట్టి యథాస్థానమున పెట్టి పోవును. ఎడారియు అట్టి ఇల్లే. ఆ ఇంటివారు నోరులేనివారు, ఫిర్యాదు చేయలేరు. కావున అతిథియే ఎక్కువ మర్యాద నెరుగవలెను.