రుమాలు వెనుకవైపు

బొంగులూరు గేటు వద్ద ఔటర్ రింగ్ రోడ్డు దిగి, ఇబ్రహీంపట్నం మీదుగా యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకకు వెళ్లాము. గత రంజాన్‌కు ‘అసలైన తేలియా రుమాల్’ అంటే నమ్మి, నగరంలో అధిక ధరకు కొన్న రుమాలు మా సంచిలో ఉంది.

నేత ఇంటి పెద్దాయన దానిని అందుకోగానే తిప్పి, వెనుకవైపు చూశారు. అక్కడ రంగు వెలవెలబోతోంది. “ఇది అచ్చు వేసింది, మౌల్వీ సాబ్” అంటూ తన మగ్గం మీది వస్త్రాన్ని చూపించారు. దానికి రెండు వైపులా ఒకే రూపం.

తేలియాలో రంగు నూలుకే పడుతుంది. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను పదేపదే నానబెట్టి, ఆరబెట్టి, చిటికి కట్టి, ఎరుపు, నలుపు రంగులద్దిన పిదపనే మగ్గమెక్కిస్తారు. ఆ నూనె వల్లనే దానికా పేరు. ఒకప్పుడు చీరాలలో నేసిన ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్లేవి. 2020లో తేలియాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

కొనేవాని కంటికి కనబడని చోట జరిగిన పనియే సరుకుకు ఉన్నతిని ఇస్తుంది. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున ఉంచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన వృత్తాంతం మనకు తెలిసినదే.

తిరిగి బొంగులూరు చేరేసరికి మగ్రిబ్ వేళయింది. పిల్లలు గమనించరని తొందరగా ముగించిన మా పాఠాలు నమాజు పిదప ఒక్కొక్కటిగా జ్ఞాపకం వచ్చాయి.