మొదటి వరుస

హైదరాబాదున మేము కట్టదలచిన యింటికి వేసవి వేడిమిని, కరెంటు ఖర్చును మా చిన్నకోడలు కంప్యూటరుపై లెక్కగట్టినది. అమెరికా ఇంధనశాఖవారు 2001లో వెలువరించిన ఎనర్జీప్లస్ అందులకు సాధనము. అత్తగారి గదికి కూలరును, ఏ.సి.ని రెంటిని లెక్కలో చేర్చితిమి. పని సగము సగము పంచుకొనునని తలచితిమి. కాని ఏ.సి.కి మొదటి వరుస యిచ్చుటచే భారమంతయు దానిపైననే పడెను, కూలరు ఊరకుండెను. మొదటిది మోయలేక మిగిల్చినదే రెండవదానికి చేరునట!

వరుస మార్చగా, పొడిగానుండు మే నెలలో కూలరే పెక్కుపని చేసెను. ఉక్కపోత దినములలో ఏ.సి. తోడయ్యెను. లెక్కలో ఖర్చు తగ్గెను.

వంటయింట ఇరువదేండ్లుగా పెద్దకోడలికే మొదటి వరుస యిచ్చితిమని మాకపుడు తోచినది. నాటినుండి ఉదయపు వంట మా వంతు.