గల్లాపెట్టె తాళం

ఆ రాత్రి ఎన్నిసార్లు 'ఎస్' నొక్కానో మర్నాడు టెర్మినల్‌ని పైకి జరుపుకుంటూ లెక్కపెట్టాను. 23 సార్లు. మొదటి నాలుగైదు సార్లు ఏం అడుగుతోందో చదివిన గుర్తుంది. ఆ తర్వాత చదవలేదు.

మా బాబాయికి వైరాలో ఎరువుల కొట్టు. అరువు ఖాతాలు రాసుకోడానికి ఆరేళ్ళ క్రితం ఆయనకో చిన్న ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చాను. ఎవరు ఎన్ని బస్తాలు తీసుకెళ్ళారు, పంటొచ్చాక ఎంత కట్టారు, వడ్డీ ఎంతయింది, అంతే. అది వాట్సాప్‌లో చేతులు మారి ముప్పై కొట్ల దాకా పాకింది. ప్లేస్టోర్‌లో పెట్టలేదు. నేను ఏపీకే ఫైలు పంపిస్తాను, వాళ్ళు వేసుకుంటారు.

మొన్న వేసవిలో ఒకాయన కొత్త ఫోన్ కొన్నాడు. అందులో యాప్ తెరుచుకోవడం లేదన్నాడు. సరిచేసి బిల్డ్ చేయబోతే, ఎప్పుడో మూతపడిన జేసెంటర్ నుంచి రావాల్సిన లైబ్రరీ ఒకటి దొరకడం లేదు. రాత్రి పదకొండు. ఆఫీసులో ఏజెంట్ల చేత పని చేయించుకోవడం అలవాటైపోయింది కదా, ఇదీ దాని నెత్తిన పడేశాను. అది గ్రేడిల్ నడిపింది, ఎర్రర్ చదివింది, ఏదో మార్చింది, మళ్ళీ నడిపింది. నేను సమీక్ష రాయాల్సిన కథల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తినప్పుడల్లా 'ఎస్' నొక్కుతూ కూచున్నాను. పన్నెండున్నరకి బిల్డ్ అయింది. హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే డిఫ్ చూస్తే కడుపులో తిప్పింది. ఆ లైబ్రరీని ఎవరో ఫోర్క్ చేసి పెట్టుకున్నారు. ఆ రీడ్‌మీ దానికి దొరికింది. ఈ రిపాజిటరీ చిరునామా చేర్చండి, ఈ ప్లగిన్ పెట్టండి, చెక్‌సమ్ తనిఖీ అడ్డొస్తే తీసేయండి అని అందులో ఉంది. మూడూ చేసేసింది. నన్ను అడిగే చేసింది.

బిల్డ్ అంటే కోడ్‌ని మూటగట్టడం అనుకుంటాం. కానీ గ్రేడిల్ ఫైలే ఒక ప్రోగ్రాం. మన యాప్‌లో ఒక్క లైను కంపైల్ కాకముందే అది నడుస్తుంది. దానితో వచ్చిన ప్లగిన్ కూడా నడుస్తుంది. నేను చదవగలిగిన ఫైలేదైనా అదీ చదవగలదు. యాప్ మీద సంతకం చేసే కీ నా లాప్‌టాప్‌లోనే ఉంది. దాని పాస్‌వర్డ్ హోమ్ ఫోల్డర్‌లో, గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైల్లో, విడి అక్షరాల్లో ఉంది. ఆ కీ చేతికొస్తే నా పేరుతో నకిలీ అప్‌డేట్ తయారుచేయొచ్చు. పాత యాప్ మీద అది చక్కగా కూచుంటుంది, ఖాతాలన్నీ దాని చేతిలోకి వెళ్తాయి. ఆండ్రాయిడ్ చూసేది సంతకం ఒక్కటే, పెట్టిందెవరో కాదు.

ఇది అతి భయమేమో అనుకుందామంటే 2025 ఆగస్టులో ఎన్‌ఎక్స్ అనే బిల్డ్ టూల్‌కి జరిగింది గుర్తొచ్చింది. పాడు వెర్షన్లు ఎన్‌పీఎంలోకి ఎక్కాయి. ఇన్‌స్టాల్ చేయగానే నడిచే స్క్రిప్టు, ఆ మెషిన్‌లో ముందే ఉన్న ఏఐ కమాండ్‌లైన్ టూల్స్‌ని లేపి, అనుమతి అడగొద్దని చెప్పే స్విచ్ తగిలించి, రహస్యాలున్న ఫైళ్ళు వెతికిపెట్టమంది. దొరికినవి బాధితుల గిట్‌హబ్ ఖాతాల్లోనే అందరికీ కనపడేలా పెట్టింది. దొంగకి ఇల్లు తెలియక్కర్లేదు, ఇంట్లో వాడినే అడిగాడు.

దీనికి దగ్గరి జబ్బుకి 2022లో సైమన్ విల్లిసన్ 'ప్రాంప్ట్ ఇంజెక్షన్' అని పేరు పెట్టాడు. నాకైతే అది సాహిత్య సమస్యలా కనిపిస్తుంది. సమీక్షల్లో నేను చేసే గొడవంతా ఒకటే: ఈ మాట అంటున్నదెవరు? రచయితా, కథకుడా, పాత్రా? గిరీశం మాటల్ని గురజాడకి అంటగట్టేవాళ్ళని బాగానే వెక్కిరించాను. ఏజెంట్‌కి నేనిచ్చిన పనీ, కంపైలర్ ఎర్రరూ, ముక్కూమొహం తెలియని వాడి రీడ్‌మీ ఒకే ప్రవాహంలో వస్తాయి. వెంకటేశం లాంటి పాఠకుడది, గిరీశం ఏం చెబితే అది. సరే, దాన్నని ఏం లాభం? ఒళ్ళో కథల్ని అంత శ్రద్ధగా చదువుతూ తెరమీది ప్రశ్నల్ని చదవనిది నేను.

ప్లగిన్ విప్పి చూశాను. ఒకచోట అది నెట్‌లోంచి ఇంకో ఫైలు తెచ్చుకుని నడుపుతోంది. ఆ చిరునామా ఇప్పుడు పలకడం లేదు. ఆ రాత్రి పలికిందా? ఏం తెచ్చింది? చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. రెండు రోజులు ఊరికే ఉన్నాను. ఏమీ అయ్యుండదులే అనుకుంటూ ఇంకో రెండు నెలలు గడిపేయొచ్చు కూడా. చివరికి ఫోన్ చేశాను.

"బాబాయ్, యాప్ తీసేసి కొత్తది వేయాలి. అందరివీ. తాళం ఎవరికన్నా దొరికిందేమోనని అనుమానం."

"ఎవరికిరా?"

"తెలీదు."

"తలుపు తీసిందెవరు?"

"నేనే."

కాసేపు ఏం మాట్లాడలేదు. "మా గుమాస్తాకి గల్లాపెట్టె తాళం ఎన్నేండ్లకిచ్చిన్నో ఎరికేనా? నాలుగేండ్లకి." ఎత్తిపొడుపు కాదు, ఉన్న మాట చెబుతున్నాడు. "ఆదివారం రా, నేనూ వస్త."

ఇప్పుడు ఏజెంట్ పనిచేసేది కంటైనర్‌లో. అందులో నా హోమ్ ఫోల్డర్ లేదు, కీ లేదు, నెట్ కూడా రెండు రిపాజిటరీల వరకే. సంతకం పాత లాప్‌టాప్ మీద, డిఫ్ మొత్తం చదివాక, నా చేత్తోనే. ఇదంతా ఒక పూట పని. కొట్ల పని మాత్రం అలా తెమలదు. కీ మారితే పాత యాప్ తీసేయాలి, తీసేస్తే ఖాతాలూ పోతాయి. కొన్ని ఫోన్లలో బ్యాకప్ బటనే లేని పాత వెర్షన్లు. ముందు ఆ బటనున్నది వేసి, ఖాతాలు బయటికి తీసి, పాతది తీసేసి, కొత్తది వేసి, మళ్ళీ లోపలికి ఎక్కించి, ఒక్కో బాకీ సరిచూడాలి. ఆదివారానికి ఐదారు కొట్లు. ప్రతిచోటా బాబాయి ముందు మామూలు కబుర్లు మొదలుపెట్టి, తర్వాత నావైపు చూస్తాడు. చెప్పాల్సింది నేనే.

తల్లాడలో ఒకాయన నేను చెప్పేదంతా విని, బల్ల కింద నుంచి ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తీశాడు. ఆరేళ్ళుగా రెండింట్లోనూ రాస్తున్నాడట. "మీ యాప్ మీద నమ్మకం లేక కాదు సార్" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. కూచుని రెండూ పోల్చాం. ఒక్క పద్దులో 350 రూపాయలు తేడా వచ్చింది. తప్పు యాప్‌ది.

ఇంకా నాలుగు కొట్లు మిగిలాయి.